ఐదడుగుల వైరు

ఫంక్షన్ అయిపోయాక వైరు చుట్టడం ఆమె పని. కెమెరానీ ఫ్లాష్‌నీ కలిపే నల్లటి వైరు అది. పొడవు ఐదడుగులు, రెండు చివర్లా గుండ్రటి ఇత్తడి మూతులు. పొడిగుడ్డతో తుడిచి, మెలి పడకుండా, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా తిప్పుతూ చుట్టాలి. అడ్డదిడ్డంగా చుడితే లోపలి రాగితీగ తెగుతుంది. తీగ తెగితే ఫ్లాష్ వెలగదు. వెలగకపోతే ఏమవుతుందో ఆమె వీపుకి బాగా తెలుసు.

పెళ్ళయిన రెండో నెల దాకా ఆ ఫ్లాష్ పట్టుకోడానికి మనిషి ఉండేవాడు. "ఇంట్లో ఇంత మనిషిని పెట్టుకుని బయటివాడికి కూలి దేనికిరా," అంది అత్తయ్య, ఫోటోలు తీసే కొడుకుతో. మర్నాటి నుంచి లైటు ఆమె చేతికొచ్చింది. ఏడేళ్ళయింది. పొద్దున్నే వంట చేసి, హాలుకెళ్ళి, చెయ్యి పడిపోయేదాకా లైటు పైకెత్తి పట్టుకుని, ఇంటికొచ్చి మళ్ళీ వంట చేసి, కింద స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఎవరెవరి మొహాల మీదివో మొటిమలూ మచ్చలూ తుడిచేది. హాళ్ళలో అందరూ లైటమ్మాయి అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఆమెకి ఇష్టంగానే ఉండేది, వైరు సంగతి గుర్తురానంతసేపు. ఆయన కెమెరాతో ఎటు కదిలితే ఆమె అటు కదలాలి. కాస్త వెనకబడితే వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. గుంజేటప్పుడు కూడా మొహంలో నవ్వు చెదిరేది కాదు. చూసేవాళ్ళకి అది మొగుడూపెళ్ళాల సరసంలా ఉండేది. ఒకసారి ఎవరో పెద్దావిడ మురిసిపోయి, "మీ ఇద్దరూ ఎప్పుడూ అతుక్కునే ఉంటారమ్మా," అంది కూడా.

ఇంటికొచ్చాక అదే వైరు రెండు మడతలయ్యేది.

వాళ్ళ స్టూడియోకి ఒకరోజు ఒక లాయరమ్మ గుర్తింపు కార్డుకి ఫోటో తీయించుకోడానికి వచ్చింది. గడ్డం కొంచెం పైకెత్తమని చెబుతూ ఈమె చెయ్యి చాపినప్పుడు మణికట్టు మీద వాత ఆవిడ కంట్లో పడింది. ఏమీ అడగలేదు. ఫోటోలు తీసుకుని వెళ్ళేటప్పుడు మాత్రం ఆఫీసు చిరునామా ఉన్న కాగితం బల్ల మీద వదిలేసింది. ఈమె నాలుగు నెలలు ఆ కాగితాన్ని ఉప్పుడబ్బా కింద దాచి, ఐదో నెలలో వెళ్ళింది. అద్దంలో చూసుకుంటూ ఫోనుతో తీసుకున్న వీపు ఫోటోలు చూపించింది. లాయరమ్మ వాటిని పెద్దవి చేసి, చిన్నవి చేసి చాలాసేపు చూసింది.

"నువ్వు చెప్పేది నేను నమ్ముతున్నానమ్మా. కానీ ఈ ఫోటోల్లో ఏమీ కనబడట్లేదు. కొంచెం ఎర్రగా ఉంది, అంతే. దురద అంటారు, దద్దుర్లు అంటారు. దెబ్బ దెబ్బలా కనబడాలి. కనబడే ఫోటో తీసుకుని అదే రోజు నా దగ్గరికి రా. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

తిరిగొచ్చేటప్పుడు ఆమెకి ఆయన మీద కంటే తన మీదే కోపం వచ్చింది. ఏడేళ్ళు లైటు పట్టుకున్న మనిషికి ఆ మాత్రం తట్టకపోవడమేమిటి? ఆయనే ఎన్నిసార్లు చెప్పలేదు! "ఎదురుగా కొడితే లైటు అన్నీ మింగేస్తుంది. ముడతలుండవు, గుంటలుండవు. అదే పక్కనించి కొట్టి చూడు, చర్మం మీద వెంట్రుక కూడా లేచి నిలబడుతుంది." ఫోనుకుండే ఫ్లాష్ ఎదురుగానే కొడుతుంది. ఉబ్బుని చదును చేసేస్తుంది. లైటు పక్కన ఉండాలి. కెమెరా వెనక ఉండాలి. తాను మధ్యలో నిలబడాలి. ఆ ఐదడుగుల వైరుతో ఈ మూడూ ఒకదానికొకటి అందవు. పట్టుకోడానికి ఇంకొకరు లేరు.

వైరు లేకుండా ఫ్లాష్‌ని వెలిగించే ట్రిగ్గర్లు ఉంటాయని ఆమెకి తెలుసు. స్టూడియోకి కాగితం, ఇంకు కొనడానికి వెళ్ళే కెమెరా సామాన్ల కొట్టులో అద్దాల వెనక చూసింది. కొట్టాయన ఓపికైన మనిషి, ఏది అడిగినా బయటికి తీసి చేతికిస్తాడు. అన్నిటికంటే చవకది గోళీకాయంత ఉంది. ఇంకో ఫ్లాష్ వెలుగు పడగానే తన ఫ్లాష్‌ని వెలిగిస్తుందట.

"అంటే దానికి కనబడాలా?"

"కనబడాలమ్మా. ఎండలో సరిగ్గా కనబడదు. మనిషి అడ్డమొచ్చినా కనబడదు. పైగా పెళ్ళికొచ్చిన చుట్టాలు ఎవరు ఫోటో తీసుకున్నా ఇది కూడా వెలుగుతుంది."

"అది వద్దండీ. అడ్డమున్నా పనిచేసేది కావాలి."

తెర ఉన్నది, అన్నీ తనే లెక్కవేసుకునేది ఒకటి చూపించాడు. దాని ధర విని నవ్వొచ్చింది. ఆఖరికి అగ్గిపెట్టెలంత నల్లటివి రెండు తీశాడు. ఒకటి కెమెరా మీద, ఒకటి ఫ్లాష్ కింద. రేడియోతో పనిచేస్తాయి, గోడ అవతలికి కూడా. సన్న సెల్లులు చాలు. లైటు ఎక్కువ తక్కువలు మనమే తిప్పుకోవాలి. "అది నాకు వచ్చండీ," అంది. పక్కన చీమ తలంత మీటలు నాలుగున్నాయి, చానెల్ మార్చడానికి. వాటిని గోటితో ఒకసారి కదిపి చూసి, ఇది చాలు అనుకుంది.

కావాలని ఆమె అడిగితే ఆ ఇంట్లోకి గుండుసూది కూడా రాదు. అందుకని అడగలేదు. కూర వడ్డిస్తూ, "పెద్ద వీధి స్టూడియో వాళ్ళు వైర్లు మానేశారటండీ. ఇంకా వైరు పట్టుకు తిరిగేవాళ్ళని చూసి నవ్వుతున్నారట," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"నువ్వు చెబితే నేను తెలుసుకోవాలా? తిండి పెట్టు," అన్నాడాయన.

మూడో రోజు తనే తీసుకొచ్చి బల్ల మీద పడేశాడు. ఆమె ఎంచిన జతే. "చూశావా, మార్కెట్లో ఏముందో కళ్ళు తెరుచుకుని చూస్తే తెలుస్తుంది," అన్నాడు. ఆమె తల ఊపింది. డబ్బాలోని కాగితం రెండుసార్లు చదివి, "కొత్తవన్నీ ఒకటో చానెల్ మీదే వస్తాయటండీ. రెండింటికీ మార్చుకోమని రాశాడు," అంది.

"కంపెనీవాడి కంటే తెలివైనదానివా? ముట్టుకోకు."

వైరుకి ఇక స్టూడియోలో పనిలేదు. ఆయన దాన్ని పైకి తీసుకెళ్ళి వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించాడు. దానికి మిగిలిన పని ఒక్కటే.

ఆ ఆదివారం పొద్దున పెళ్ళి. పక్క హాల్లో ఇంకో పెళ్ళి, ఇంకో ఫోటోగ్రాఫరు. ఆయన కెమెరా దించి ఉండగానే ఆమె చేతిలో ఫ్లాష్ ఫెళ్ళున వెలిగింది. పెళ్ళికొడుకు తాతగారు కళ్ళు మూసుకుని కుర్చీ పట్టుకున్నారు. కాసేపటికి మళ్ళీ వెలిగింది. పక్కవాడి ట్రిగ్గరుదీ ఒకటో చానెలేనని, వాడు ఫోటో తీసినప్పుడల్లా ఇదీ వెలుగుతోందని ఆమెకి అప్పుడే అర్థమైంది. ఆయనకి మాత్రం ఆమే మీట నొక్కుతోందని అర్థమైంది. "మా ఆవిడకి కొంచెం తొందర ఎక్కువండీ," అని అందర్నీ నవ్వించాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వుతున్నప్పుడు దవడ కింద కదిలే నరాన్ని ఆమె ఒక్కతే చూసింది.

రెండింటికి ఇల్లు చేరారు. ఆయన బూట్లు విప్పలేదు. నేరుగా వంటింటి తలుపు వెనక్కి చెయ్యి పెట్టాడు.

"చానెలండీ, పక్కవాడిది కూడా..." అనేలోపు మొదటి దెబ్బ పడింది. మెడ కింద. రెండోది దాని మీదే. ఇత్తడి మూతి ఎముకకి తగిలినప్పుడు నొప్పి కంటే ముందు చప్పుడు వినిపిస్తుంది, గిన్నె మీద గరిట తట్టినట్టు. ఆమె గ్యాసుబండ పట్టుకుంది. జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. పెదవి పళ్ళ కింద పడి నోరు ఉప్పగా అయింది. "నన్ను నవ్వులపాలు చేస్తావా? నలుగురిలో? నన్నా?" ప్రతి మాటకీ ఒక దెబ్బ. మోకాళ్ళ మీద పడింది. బూటు పక్కటెముకల్లో దిగింది. ఊపిరి ఎటు పోయిందో తెలియలేదు. కంటికెదురుగా నేల మీద ఎప్పుడో జారిపడిన ఉల్లిపొర ఒకటి ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయింది.

గుమ్మంలోంచి అత్తయ్య గొంతు. "మొహం జోలికి పోకురా నాన్నా. రేపు ఇంకో ఫంక్షనుంది."

ఆయన ఆగాడు. తల్లి మాట కాదనడు. వైరు మేకుకి తగిలించి, మొహం కడుక్కుని, ఆల్బములు అచ్చయ్యాయేమో చూసొస్తానని వెళ్ళిపోయాడు. అత్తయ్య రోజూలాగే ఒక కునుకు తీయడానికి తన గదిలోకి వెళ్ళింది.

ఆమె వెంటనే లేవలేదు. లేవలేక కాదు. వాత గంటకి గానీ పూర్తిగా ఉబ్బదు. అనుభవం మీద తెలుసు. గోడకి ఆనకుండా కూర్చుని గడియారం చూసింది. పెద్దముల్లు ఒక చుట్టు తిరిగాక, మేకు మీది వైరు తీసుకుని మెట్లు దిగింది.

స్టూడియో తలుపు గడియ పెట్టింది. ముందు చీమ తల మీటలు. రెండింటికీ నాలుగో చానెల్. కెమెరాని స్టాండు మీద పెట్టి తారీఖు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. ఫ్లాష్‌ని ఎడమవైపు ఎత్తు స్టూలు మీద, భుజానికి సరిసమానంగా పెట్టింది. పై బట్ట విప్పేటప్పుడు అది వీపుకి అతుక్కుని ఊడి వచ్చింది. పది సెకన్ల టైమరు నొక్కి, వెళ్ళి నిలబడి, మొహం కూడా పడేలా తల పక్కకి తిప్పింది. ఫ్లాష్ వెలిగింది. చూస్తే ఫోటోలో సగం నల్లటి పట్టీ. చివర్లో ఆరుబయటి ఫోటోలకని ఆయన పెంచిన షట్టరు వేగం, ఫ్లాష్ దాన్ని అందుకోలేదు. దాన్ని తగ్గించింది. మళ్ళీ నొక్కి, మళ్ళీ నిలబడింది.

ఈసారి వచ్చింది. ఏడేళ్ళలో తన వీపుని తాను ఇంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి. ఒక్కో వాతా గట్టులా లేచి, అవతల నీడ పడి ఉంది. వైరు మడత తిరిగిన వంపు కనబడుతోంది. నాలుగుచోట్ల ఇత్తడి మూతి దిగిన గుండ్రటి గుర్తులు. వాటి కిందే పాతవి, పోయాయనుకున్నవి, తెల్లటి గీతలై ఉన్నాయి. పక్కనించి వచ్చిన వెలుగు ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

కంప్యూటరులో తెరవగానే ఆమె చెయ్యి తనంతట తనే మచ్చలు తుడిచే బ్రష్ దగ్గరికి పోయింది. మెడ కింది గుర్తు మీద ఒకసారి నొక్కింది కూడా. అక్కడ చర్మం నున్నగా అయిపోయింది, ఏమీ జరగనట్టు. ఆమె ఉలిక్కిపడి, చేసింది చెరిపేసి, కెమెరాలో ఉన్నది ఉన్నట్టుగా మళ్ళీ తీసుకుంది.

ఫోను మోగింది. ఆయన. "నిన్నటి ఫోటోల్లో పెళ్ళికూతురు బుగ్గ మీద మచ్చ తీశావా?"

"తీయలేదండీ."

"మరేం వెలగబెడుతున్నావు?"

"ఫోటోలే చూస్తున్నాను," అని పెట్టేసింది.

మూడు పెద్దవి అచ్చుతీసింది. కెమెరాలోని కార్డు తీసుకుంది. వైరుని మాత్రం ఆదరాబాదరాగా సంచీలో కుక్కలేకపోయింది. నిలబడి, ఎనిమిది అంకెలా, మెలి పడకుండా చుట్టింది.

లాయరమ్మ ఫోటోని కిటికీ వెలుగులోకి పట్టుకుంది. వైరు చివరి ఇత్తడి మూతిని ఫోటోలోని గుండ్రటి గుర్తు పక్కన పెట్టి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది ఇచ్చాక మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళడం ఉండదమ్మా. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించే లైటు అక్కడ పెట్టానండీ."

లాయరమ్మ కలం తీసింది. "సాక్ష్యానికి పనికొస్తారు, చెప్పు. ఇది తీసేటప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఆ లైటు ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదండీ," అంది ఆమె. "ఇప్పుడు దానికి మనిషి అక్కర్లేదు."