ఎడమ కనుబొమ్మ

“ఏయ్ సోనీ, ముక్కు జర లోపలికి గుంజుకో. గంత పెద్ద ముక్కు నా కాయితంల పట్టది.”

మెట్టు మీద కూర్చున్న పక్కింటి సోనీ, ఆరేళ్ల పిల్ల, ముక్కును రెండు వేళ్లతో నొక్కిపట్టుకుంది. ఇస్సాకు నవ్వాపుకుని, పెన్సిల్ గాలిలో పెట్టి కొలత తీశాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా డిపోలో బస్సుల మీద నంబర్లు రాస్తున్న చెయ్యి అది. స్కేలు లేకుండానే గీత తిన్నగా వస్తుంది. మొహం మాత్రం మొదట్లో వచ్చేది కాదు.

“తాతా, గీ సోనీకి పింఛన్ వస్తదా?” అని మొదటి బొమ్మలోని ముసలి మొహం చూసి ఆ పిల్లే వెక్కిరించింది.

ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. పిల్లల కళ్లు తలలో సగానికి కిందికి ఉంటాయట, పైనంతా నుదురేనట.

ఇదంతా భార్య రాహేలు కోసం. గుండెజబ్బుతో మంచం పట్టాక ఆమె ఒక్కటే అడిగింది, “మన రూపను గీసిస్తవా?” అని.

రూప ఐదేళ్లకే జ్వరమొచ్చి పోయింది. ఆ ఏడు ఇస్సాకు బిడ్డ ఫోటో ముందు కూర్చుని తిండి మానేశాడు. కొన్నాళ్లకు, ఫోటోను ఎలుకలు కొరికేశాయంది రాహేలు. పాతికేళ్లయింది. ఆ మొహం అతనికి గుర్తులేదు. ఆ మాట బిడ్డను కన్న తల్లితో ఎలా అంటాడు? సోనీని గీసి, రూప అని చూపిస్తున్నాడు. డిపోలో ఆఫీసర్లనే బోల్తా కొట్టించినవాడు, ఈ కాగితం అందించేటప్పుడు మాత్రం భార్య కళ్లలోకి చూడలేడు.

రాహేలు రోజుకో తప్పు పట్టేది. మొన్న చెవులు బయటికి లాగించింది. నిన్న గడ్డం చిన్నది చేయించింది. ఇవాళ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఎడమ కనుబొమ్మ నడుమ జర ఖాళీ పెట్టు. గడప తాకి పగిలింది గదా.”

“ఔ, యాదికుంది,” అని అబద్ధమాడి, రబ్బరుతో అక్కడ సన్నగా తుడిచాడు.

“ఇగ వచ్చింది నా బిడ్డ. ఫికర్ జేయకు, డ్యూటీకి పో.”

ఆ రోజు నాలుగు బస్సులకు నంబర్లు రాశాడు. ఈల వేయబోయి, సిగ్గేసి మానుకున్నాడు. సాయంత్రం నయాపూల్ దగ్గర దిగి ఒక ఫ్రేము కొన్నాడు.

“లే రాహేలూ, నీ బిడ్డకు ఇల్లు తెచ్చిన.”

రాహేలు లేవలేదు. చెయ్యి చల్లగా తగిలింది.

పక్కవాళ్లు పాస్టరుకు ఫోన్ చేస్తున్నారు. ఇస్సాకు ఆమె దిండు కింది నుంచి బైబిల్ తీశాడు. తెరవగానే ఒక పాత ఫోటో ఒళ్లో పడింది. చిన్న గడ్డం, బయటికొచ్చిన చెవులు, ఎడమ కనుబొమ్మ నడుమ సన్నటి ఖాళీ.

తను గీసిన కాగితం పక్కన పెట్టి చూశాడు. అందులో సోనీ ఎక్కడా లేదు.

“నన్నే బోల్తా కొట్టిస్తివి గదనే,” అన్నాడు మెల్లగా.

ఫోటో అంచున, పెన్సిల్ మసితో రాహేలు బొటనవేలి ముద్ర.