సీటు వెనక దరువు

నొక్వాజిని మొదట కనిపెట్టింది నా చెవులు కాదు, నా వీపు.

ఉమ్లాజి నుంచి డర్బన్ ఊళ్ళోకి పొద్దున్నే మొదటి ట్యాక్సీ నాదే. మా ట్యాక్సీ అంటే చిన్న వ్యాను, పదిహేను మంది ఎక్కితేగాని బయల్దేరదు. నన్ను ఉమ్లాజిలో సగంమంది మలూమె అని పిలుస్తారు, మిగతా సగానికి నిజంగానే మేనమామని. నొక్వాజి రోజూ సరిగ్గా నా వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చునేది. చెప్పుల దుకాణంలో పని. అదీ ముందు కాదు, వెనక గోదాములో డబ్బాలు సర్దడం. ఎక్కేటప్పుడు ఒక పలకరింపు గొణిగేది, దిగేటప్పుడు అదీ ఉండేది కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో ఫోను. ఖాళీగా ఉన్న చేతివేళ్ళు మాత్రం నా సీటు వెనక ఒకటే దరువు.

ఒకరోజు ఎర్రలైటు దగ్గర నాకు ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగాను.

"ఏం సిసి, చెల్లెమ్మా, నా సీటు డోలనుకున్నావా?"

చెయ్యి చటుక్కున లాక్కుంది. ఆ ముఖం చూశాక పిల్లిపిల్లని కసిరినట్టయింది నాకు. మర్నాడు దరువు లేదు. ఆ మర్నాడూ లేదు. నా వీపు బోసిపోయింది.

"ఆపమన్నానా నేను? డోలా అని అడిగాను, అంతేగా. కొట్టుకో తల్లీ," అన్నాను చివరికి నేనే దిగివచ్చి.

మెల్లగా మళ్ళీ మొదలైంది.

"ఎవరి పాట అది?"

"ఎవరిదీ కాదు మలూమె."

"ఎవరిదీ కాదంటే నీదేనన్నమాట."

మౌనం అర్ధాంగీకారం. నాకు మిగతా సగం కూడా అర్థమైంది.

నా ట్యాక్సీలో స్పీకర్లు చూస్తే మా ఆవిడకి ఇప్పటికీ మంట. ఇంటి కప్పు కారుతుంటే బండికి నగలు చేయించానంటుంది. కానీ మా దగ్గర కొత్త పాట బతికి బట్టకట్టాలంటే ముందు ట్యాక్సీలో ఆడాలి. అందుకే మ్‌క్సోలిసి అనే కుర్రాడు ఫోన్లో గ్రూపు పెట్టినప్పుడు నన్నూ లాగాడు. వాళ్ళమ్మ వంటింటి బల్ల మీద పాటలు కట్టేవాడు కాబట్టి గ్రూపుకి 'వంటిల్లు' అనే పేరు పెట్టాడు. అందులో ఒక నర్సమ్మ, ఒక మెకానిక్, ఇంకా బోలెడుమంది. అందరూ పగలు ఒక పని చేసుకుంటూ, ఫోన్లలో, పాత కంప్యూటర్లలో పాటలు కట్టుకునేవాళ్ళే. వాళ్ళు పాట పంపుతారు, నేను పొద్దున ట్యాక్సీలో వేస్తాను. జనం తలలూపారా, కిటికీలోంచి బయటికి చూశారా, స్టాండులో దిగగానే గొంతు రికార్డు చేసి తీర్పు పంపుతాను. నాకు సంగీతం రాదు. ముఖాలు చదవడం వచ్చు.

నొక్వాజిని అడిగి ఆ గ్రూపులో చేర్పించాను. చేరింది, అంతే. అన్నీ చదివేది, అన్నీ వినేది. సాయంత్రాలు గ్రూపు పేరు కింద 'నొక్వాజి టైప్ చేస్తున్నారు' అని కనిపించేది. కాసేపటికి మాయమయ్యేది. మళ్ళీ కనిపించేది, మళ్ళీ మాయం.

"వంటింటి గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. లోపలికి రమ్మనండర్రా, అన్నం చల్లారిపోతోంది," అని మ్‌క్సోలిసి ఆటపట్టించాడు ఒకసారి. దాంతో వారంపాటు ఆ టైపింగూ పోయింది. వాణ్ణి నేను చెడామడా తిట్టాను.

ఆ తర్వాత ఒకరోజు జామై ఆగిపోయిన ట్రాఫిక్‌లో తన పాటలు నాకొక్కడికీ వినిపించింది, ఒక ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టి. నా ఒళ్ళు ఝల్లుమంది.

"బాగుందే పిల్లా! మరి ఇందులో పాడే గొంతేదీ?"

"గొంతు ఉండదు మలూమె." ఫోను ఒళ్ళో బోర్లించింది. "చిన్నప్పుడు చర్చిలో పాటలు నేర్పే పెద్దావిడ నన్ను వరసలోంచి పక్కకి పిలిచింది. 'నువ్వు పాడకు, పెదాలు కదిపితే చాలు' అంది. అప్పట్నుంచీ అంతే. పెళ్ళిళ్ళలో పెదాలు కదుపుతా, చావుల్లో పెదాలు కదుపుతా."

"ఎవరావిడ? పేరు చెప్పు. నా ట్యాక్సీ ఎక్కనిస్తే ఒట్టు!"

"చచ్చిపోయింది మలూమె."

"అయితే వదిలేశాను పో."

నవ్వింది. ఆ నవ్వు ధైర్యంతోనే కాబోలు, ఇంకో మాట చెప్పింది. పాట కట్టేముందు తానే సన్నగా కూనిరాగం తీసి రికార్డు చేసుకుంటుందట. దాని మీద డ్రమ్ములూ బేసూ ఒక్కొక్కటే పేర్చుకుంటుందట. అన్నీ అయ్యాక ఆ కూనిరాగం నోరు నొక్కేస్తుందట.

"ఇల్లు లేచాక సారవ కర్రలు పీకేసినట్టా?"

"అలాంటిదే. ఎవరికీ వినబడకూడదు," అంది. తర్వాత చాలా మెల్లగా, "రేపు గ్రూపులో ఒకటి పెడతా మలూమె. కానీ ఒక్కళ్ళు నవ్వినా సరే, ఫోన్లోంచి అంతా చెరిపేస్తా. ఇక మళ్ళీ ముట్టుకోను," అంది.

బెదిరింపుగా అనలేదు. అలా అన్నా బాగుండేది. ముందే సంచి సర్దుకున్న మనిషిలా అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పొద్దున్న ట్యాక్సీ ఎక్కేముందే పంపేసింది. నేను ముందుగా వినలేదు. బండి నిండింది, పెద్ద రోడ్డెక్కాం. బేసు బాగా తగలాలని శబ్దం పెంచి మరీ నొక్కాను.

డ్రమ్ము లేదు. బేసు లేదు. ఒక్క ఆడగొంతు, సన్నగా కూనిరాగం. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. నా అంత పెద్ద స్పీకర్లలో ఆ ఒక్క గొంతే.

అద్దంలో చూశాను. నొక్వాజి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపండి మలూమె! నేను పంపింది ఇది కాదు! దిగిపోతా, ఆపండి," అంది నా చెవి దగ్గర.

పెద్ద రోడ్డు మీద బండి ఆపలేను, పాటైనా ఆపుదామని చెయ్యి చాచాను. అప్పుడే ఆఖరి వరసలోంచి ఇంకో గొంతు లేచింది. మార్కెట్లో కూరలమ్మే అవ్వ, గోగో మాకోజా. కళ్ళు మూసుకుని, ఆ రాగం కింద తన బొంగురు గొంతు పరిచింది. మా దగ్గర ఒక గొంతు ఒంటరిగా సాగుతుంటే వింటూ కూర్చోవడం మర్యాద కాదు. చావింట్లోనైనా సరే, బండిలోనైనా సరే, ఎవరో ఒకరు కింద గొంతు పట్టాల్సిందే. గోగో పక్కనున్న సెక్యూరిటీ గార్డు గొంతు ఇంకా కిందికి దిగింది. స్కూలు టీచరమ్మలిద్దరి గొంతులు పైకి వెళ్ళాయి. చూస్తుండగానే నా ట్యాక్సీ మొత్తం పాడుతోంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పాట అయిపోయింది. వాళ్ళంతా నడుస్తూ నడుస్తూ దారి తెగినట్టు ఆగిపోయారు.

"ఏం డ్రైవరూ, మధ్యలో ఆపావు?" అంది గోగో.

"అక్కడికే ఉంది గోగో."

"ఎవరా పిల్ల?"

అద్దంలో నొక్వాజి తల అడ్డంగా ఊపుతోంది. "తెలీదు," అన్నాను.

"ఎవరైతేనేం. మనకి చోటుంచి పాడింది. ఈ కాలం పాటల్లో మనం దూరడానికి సందే ఉండదు. ఇంకోసారి పెట్టు."

నేను అద్దంలోకి చూసి కళ్ళతోనే అడిగాను. నొక్వాజి తల కొంచెం కిందికి కదిలింది. మళ్ళీ నొక్కాను. ఈసారి రెండో చరణానికి నా వీపు మీద దరువు మొదలైంది, మెల్లగా, జనం గొంతులతో కలిసి. నాకు కళ్ళు మసకబారాయి. పెద్ద రోడ్డు మీద డ్రైవరు చెయ్యదగ్గ పని కాదది.

స్టాండులో నొక్వాజి గబగబా దిగి వెళ్ళిపోయింది. ఫోను చూస్తే గ్రూపంతా గోలగా ఉంది.

"సిసి నొక్వాజి, ఒక్క వరసనే వినిపించే బటనుంటుంది చూడు, అది నొక్కి మర్చిపోయావు. తక్కిన పాటంతా నీ దగ్గరే ఉండిపోయింది," అని మ్‌క్సోలిసి రాశాడు. "ఇది జరగనివాడు ఈ వంటింట్లో లేడు."

"నా మొదటి పాటలో తాళం లెక్కకి పెట్టుకునే టిక్కు టిక్కు అలాగే వెళ్ళిపోయింది. గడియారం పాడిందన్నారు," అని నర్సమ్మ.

"నేనైతే ఏమీ లేని ఫైలు పంపా. మలూమె దానికీ తీర్పిచ్చాడు, జనం ప్రశాంతంగా ఉన్నారని," అని మెకానిక్.

అది నిజమే. స్పీకరు వైరు ఊడిందేమో అనుకున్నాను అప్పుడు. నేను నా తీర్పు పంపాను: "ఈ పాటకి తలూపినవాడు ఒక్కడూ లేడు. అందరూ పాడారు. నా బండిలో ఇంతకుముందు ఇలా జరగలేదు."

నొక్వాజి నుంచి ఏమీ లేదు. సాయంత్రం ట్యాక్సీ కోసం నిలబడే వరసలో కూడా కనబడలేదు. చెరిపేసిందనుకున్నాను. ఇంటికెళ్ళి, పలకరించిన మా ఆవిడ మీద ఊరికే విసుక్కున్నాను. ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

'నొక్వాజి టైప్ చేస్తున్నారు.' మాయమైంది. మళ్ళీ వచ్చింది. మాయమైంది. పోనీలే, కనీసం గుమ్మం దాకా వచ్చింది అనుకున్నాను.

అప్పుడు ఎన్నడూ చూడనిది కనబడింది. 'నొక్వాజి ఆడియో రికార్డు చేస్తున్నారు.'

మా ఆవిడకి కూడా వినబడేట్టు పెట్టాను.

"నేను... నొక్వాజిని. బటను సంగతి నిజమే, మర్చిపోయా. పాట మొత్తం ఇప్పుడు పంపుతున్నా. ఆ కూనిరాగం నోరు నొక్కేద్దామని ఇందాకట్నుంచీ కూర్చున్నా." ఒక ఊపిరి వినబడింది. "నొక్కలేదు."

వెనకే పాట వచ్చింది. డ్రమ్ములు, బేసు, వాటి మధ్య దాక్కోకుండా ఆ గొంతు. ఎవరిదీ అని కూడా అడగలేదు మా ఆవిడ. గిన్నెలు కడుగుతూనే కింద గొంతు పట్టింది.