ముగ్గురు సత్యవతులు, ఒక సీటు

ఆ రోజు ఇంట్లో మామ్మ సత్యవతి, అమ్మ, నాన్న, అన్నయ్య కృష్ణచైతన్య, భీమడోలు నుంచి వచ్చిన మేనత్త, ఆవిడ కూతురు సత్యవతి, అందరికంటే చిన్నదైన ఇంకో సత్యవతి ఉన్నారు. మామ్మ పేరే మనవరాళ్లిద్దరికీ పెట్టారు. అత్తగారి పేరు నోట పలకలేక అమ్మ చిన్నదాన్ని బుజ్జి అనేది.

మర్నాడు పెంటపాడు చుట్టాలతో కలిసి కొల్లేరు పక్షుల్ని చూడబోతున్నారు. అన్నయ్య జావా ప్రోగ్రాములో ఒక్కొక్కరి పేరు, ముద్దుపేరు, వయసు కలిపి ఒక్కో ఆబ్జెక్టు చేసి లిస్టులో పెట్టాడు. ఎవరినైనా పొరపాటున రెండుసార్లు ఎక్కించి ఉంటే పోతుందని, ఆ లిస్టులోంచి పేర్లు మాత్రం తీసి సెట్‌లో వేశాడు. ఒకసారి వచ్చిన పేరు మళ్లీ వస్తే సెట్ ఉంచుకోదు. ఎన్ని పేర్లు మిగిలితే అన్ని సీట్ల వ్యాను చెబుతానన్నాడు.

వెనక నిలబడ్డ బుజ్జికి తెర మీద సత్యవతి ఒక్కసారే కనిపించింది. సీట్లు చాలకపోతే ఇంట్లో ఉండిపోయేది చిన్నదే. అయినా అన్నయ్యకు చెప్పడానికి జంకి, అరుగు మీదున్న మామ్మ దగ్గరకు వెళ్లింది.

"మామ్మా, అన్నయ్య లెక్కలో మన ముగ్గురం ఒక్కరమైపోయాం. సీటూ ఒక్కటే."

"అయితే నా ఒళ్లో కూచుంటావా? నా మోకాళ్లు ఒప్పుకోవే!"

"పేర్లు కాకుండా ముద్దుపేర్లు తీస్తే సరిపోద్ది. అవి ఎవరివి వాళ్లకున్నాయిగా. మీరు అన్నయ్యకు చెప్పండి మామ్మా."

"నాకేం తెలుసే ఆ గోల? చూసింది నువ్వు."

మామ్మ బుజ్జి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గదిలోకి నెట్టింది. డ్రైవరుకు ఫోన్ చెయ్యబోతున్న అన్నయ్య తలెత్తాడు.

"ఏంటే?"

బుజ్జి వెనక్కి తిరిగింది.

"చెప్పాకే బయటికి రా," అంటూ మామ్మ తలుపు వేసేసింది.