పుప్పొడి లేని చెట్టు

కాంతం పత్తిపువ్వు రేకుల్ని వెనక్కి మడిచి, దాని పుప్పొడిని పక్క వరుసలోని పువ్వు నడిమి కాడకు మెల్లగా రాసింది. రాసిన గుర్తుగా ఆ పువ్వుకు ఎర్రదారం కట్టి తర్వాతి చెట్టుకు జరిగింది.

కొత్తపేట దగ్గర ఏటి మధ్య లంకభూమిలో విత్తనాల కంపెనీ ఒకటి వలలు కట్టి ఈ తోట వేసింది. చుట్టూ కొబ్బరీ అరటీ తప్ప పత్తి కనబడదు కనక, పరాయి పుప్పొడి వచ్చి కలుస్తుందన్న భయం లేదు. భర్త చనిపోయిన ఏడాది నుంచీ కాంతం ఇక్కడే పనిచేస్తోంది. సాయంత్రాలు, మర్నాడు విచ్చబోయే మొగ్గల్ని ఎంచి, రేకుల్నీ కేసరాల్నీ బొటనవేలి గోటితో ఒలిచేయాలి. నడిమి కాడకు గాటు పడకూడదు. పొద్దున్నే వేరే రకం పుప్పొడి రాయాలి. ఇన్నేళ్ల ఒలుపుకి ఆమె గోరు నల్లబడి నిలువునా చీలింది. కూర తగిలితే మండుతుందని చెంచాతో తింటుంది.

వరుస చివరి చెట్టు దగ్గర ఆగింది. ఆమధ్య దీని మొగ్గ ఒలిచినప్పుడు కేసరాలు ఎండు నూకల్లా చేతికి తగిలాయి. విచ్చిన పువ్వును నలిపినా వేలికి పసుపు అంటలేదు. పరిశోధన చూసే మమతకు ఆ మాట చెప్పింది. మమత ఆకు తుంచుకెళ్లి పరీక్ష చేయించి, మొహమంతా నవ్వుతో తిరిగొచ్చింది.

"పువ్వు తయారవ్వాలంటే చాలా జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి పనిచెయ్యాలండి, కాంతంగారూ. రేకులకి కొన్ని, కేసరాలకి కొన్ని. దీంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. పుప్పొడి చేసేదే చెడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిందే వచ్చింది."

"అయితే దీన్ని ఒలవక్కర్లేదాండి?"

"అక్కర్లేదండి. తిన్నగా పుప్పొడి రాసేయడమే."

కాంతం చీలిన గోటికేసి ఒకసారి చూసుకుంది.

ఇవాళ ఆ చెట్టుకు పువ్వులు విచ్చాయి. సముద్రం మీద వాయుగుండం పట్టి పొద్దుటి నుంచీ గాలి వీస్తోంది. సూపర్‌వైజర్ గంగరాజు కూలీల చేత వలలు దింపించి, అందర్నీ పంపేసి, కాంతం దగ్గరికి వచ్చాడు.

"వానొస్తే పుప్పొడి తడిసి పాడవుద్ది. ఆ చెట్టొదిలేసి వెళ్లమ్మా."

"పువ్వు ఇయ్యాల ఒక్కరోజేనండి. గులాబీరంగు తిరిగిందంటే అయిపోయినట్టే."

గంగరాజు గొంతు తగ్గించాడు. "ఆ చెట్టు విత్తనం నిలబడితే తోటంతా అలాంటివే వేస్తారు, ఒలుపు పనే ఉండదు. తెలుసా?"

"ఆయ్. తెలుసండి."

ఆమె టార్పాలిన్ తెచ్చి మూడు కొసలు గుంజలకు కట్టింది. నాలుగో కొసకు గుంజ లేదు. దాన్ని పళ్లతో బిగించి పట్టుకుని, రెండు చేతులతో పువ్వు మీద పువ్వు పట్టి రాసింది. చినుకులు మొదలయ్యాయి. గాలి లాగినప్పుడల్లా మెడనరాలు పొంగుతున్నాయి. ఒక పువ్వు తొడిమ దగ్గర విరిగి కింద పడింది. ఆమె దానికేసి చూడకుండా పై కొమ్మ అందుకుంది. మమత పరిగెత్తుకొచ్చి ఆ కొస పట్టుకుంది. కాంతం మిగతా పువ్వులన్నిటికీ పుప్పొడి రాసి, కాగితపు సంచులు తొడిగింది. వాన ధారగా పట్టుకుంది.

టార్పాలిన్ కింద ఇద్దరూ నిలబడ్డారు. కాంతం దవడ నొక్కుకుంటూ చెప్పింది.

"రేపట్నించి రానండి. మస్కట్ వెళ్తన్నాను. మా చెల్లెలు సత్యదుర్గ నాకక్కడ వంటపని చూసిపెట్టింది. విమానం అందుకోడానికి ఇయ్యాలే రావులపాలెంలో బస్సెక్కాలి."

మమత తెల్లబోయింది. "ఈ చెట్టు వల్లేనా?"

"కొంత అదేనండి. ఇంక పని లేదు, పొమ్మని మీరు చెప్పేదాకా కూచోడం నా వల్ల కాదు."

"మరి దీనికోసం ఇంత కష్టపడ్డారెందుకండి?"

"విచ్చిన పువ్వులండి. చూస్తా చూస్తా రాలనిచ్చెయ్యమంటారా?"

వాన సన్నబడగానే కాంతం మమత చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, గట్టు వెంట వెళ్లిపోయింది. అరటితోట మలుపులో కూడా వెనక్కి తిరగలేదు.

వానలు వెలిశాక వలలు కట్టించడానికి మమత వచ్చింది. సంచులు విప్పితే చివరి చెట్టుకు పిందెలు నిలిచి ఉన్నాయి. తోటలోని పాక గుంజకు, కాంతం చీర మీద తొడుక్కునే మగచొక్కా వేలాడుతోంది. మొగుడిదై ఉంటుంది, భుజాలు బాగా వెడల్పు. తడిసి ఆరి అట్టకట్టింది. పనికోసం పైకి మడిచిన కుడిచేతి మడత ఇంకా విడలేదు.