కోచ్‌ను తీసేసిన రోజు

ఆ గల్ఫ్ దేశపు ఫుట్‌బాల్ లీగ్ సగానికి వచ్చినా ఏ జట్టుదీ పైచేయి కాలేదు. మొదటి స్థానానికీ ఏడో స్థానానికీ నడుమ నాలుగే పాయింట్లు. ప్లేఆఫ్‌కు ఎవరైనా చేరవచ్చు. అయినా వరసగా మూడు మ్యాచులు ఓడేసరికి క్లబ్బు వాళ్లు పోర్చుగల్ కోచ్‌ను తీసేశారు. ఆ మధ్యాహ్నం ఆయన్ని సీఫ్ అనే పేటలోని ఇంటి దగ్గర దించే పని జగిత్యాల డ్రైవర్ కుతుబుద్దీన్‌కు పడింది.

క్లబ్బు గేటు దాటగానే అభిమానులు కారును చుట్టుముట్టారు. ఇనుపరాడ్డు దెబ్బకు అద్దం పగిలింది. నలుగురు కోచ్‌ను కాలర్ పట్టి బయటికి ఈడ్చి, కింద పడేసి కడుపులో తన్నసాగారు. రెండేళ్లుగా రోజూ సలాం చెప్పి తన పక్క సీట్లో కూర్చునే మనిషి నెత్తురు కక్కుతుంటే కుతుబుద్దీన్ చూడలేకపోయాడు. వీల్‌పానా పట్టుకుని దూకి, రాడ్డు ఎత్తిన చేతి మీద బలం కొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడుకు మిగతావాళ్లు వెనక్కి తగ్గారు. కోచ్‌ను సీట్లోకి తోసి బండి ఉరికించాడు.

ఆసుపత్రి ముందు ఆగేసరికి క్లబ్బు మేనేజర్ ఫోన్ చేశాడు. "మన అభిమానినే కొడతావా? రేపట్నుంచి డ్యూటీకి రాకు. ఖలాస్!"

"ఏమంటున్నాడు?" అన్నాడు కోచ్, పగిలిన పెదవి తుడుచుకుంటూ.

"నన్ను గూడ తీసేసిండ్రు సార్."

కోచ్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీరుంటే మనం ప్లేఆఫ్‌కు పోయేటోళ్లం సార్," అన్నాడు కుతుబుద్దీన్ ఏడుపు ఆపుకుంటూ.