ఉప్పు సీసాల ఇంట్లో చప్పిడి కూర

"అంకెలు ఇలా కోడిగీతల్లా ఉంటే జర్మనీ ల్యాబ్ వాళ్ళేం చదువుకుంటారు శకుంతలా?" అన్నాడు సుధాకరరావు, సీసా మీద అంటించిన చీటీని కిటికీ వెలుతురులోకి తిప్పి. "చెయ్యి కాస్త కుదురుగా పెట్టి రాయలేవా?"

శకుంతల తన చేతి వంక చూసుకుంది. కలం పట్టుకున్న వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆగమంటే ఆగడం లేదు.

దోహాలో, అబూ హమూర్ పేటలోని ఆ రెండు గదుల ఫ్లాటులో వంటిల్లే సగం ఆఫీసు. సింకులో గిన్నెల కంటే సీసాలే ఎక్కువ. సుధాకరరావు ఓ చిన్న కంపెనీలో జియాలజిస్టు. దుఖాన్ దారిలో ఎడారి మధ్య ఉప్పు పేరుకుపోయిన పల్లపు నేలలున్నాయి, ఇక్కడివాళ్ళు సబ్ఖా అంటారు. ఆ నేలలో గుంటలు తవ్వించి, అడుగున ఊరే ఉప్పునీళ్ళు పట్టించి, అందులో లిథియం ఎంతుందో వెతికించడం ఆయన ఉద్యోగం. "రేపు ప్రతివాడి జేబులో ఫోనుంటుంది, దాని బ్యాటరీలో లిథియం ఉంటుంది" అని తొంభై ఆరులో ఆయన చెబుతుంటే విన్నవాళ్ళు నవ్వేవారు. రెండేళ్ళు తవ్వినా చెప్పుకోదగ్గ లెక్క రాలేదు. సీసాలు కడిగి, ఆరబెట్టి, చోటూ లోతూ తేదీ రాసి అంటించడానికి ఓ మనిషి కావాలని అడిగితే కంపెనీ వాళ్ళు మొహం మాడ్చారట. "నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ చదివావు, ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అన్నాడాయన. ఖాళీ అంటే పొద్దున్నే లేవడం, కూతురు అక్షరకి జడలు వేసి బడికి పంపడం, ఆయన బట్టల్లోంచి ఉప్పు దులిపి ఉతకడం, వంట, మళ్ళీ వంట. అంత ఖాళీ మరి ఎవరికుంటుంది!

ఇంతా చేస్తే ఆ ఇంట్లో కూరలో మాత్రం ఉప్పుండదు. చలికాలంలో ఆయనకి బీపీ ఉందని తేలింది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు ఆయన్ని. తగ్గింది ఇంటిల్లిపాదికీ. "ఇంత ఇంటికి రెండు రకాల కూరలెందుకు, నీకూ మంచిదేగా" అన్నాడు. నిజమే కాబోలనుకుని ఆమె కూడా చప్పిడి తినడానికి అలవాటు పడింది. సింకు అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దాన్ని గోటితో గీకుతూ పులుసు చప్పగా మింగుతుంది. ఎండలు ముదిరాక ఒకటే దాహం. కడుపులో తిప్పుతోంది. మొన్న పోపు మాడుతుంటే స్టవ్ ముందే నిలబడి చూస్తూ ఉండిపోయింది, ఆ గింజల పేరు ఆవాలని గుర్తు రాక.

ఆవాల పేరు మరిచిపోయినా మరిచిపోలేనివి కొన్నున్నాయి. అక్షర పుట్టిన నెలలో, విశాఖపట్నంలో, ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. ఎన్ని రాత్రులో తెలియదు. రాత్రీ పగలూ ఒకే వెలుగు. గోడలు పలచబడ్డాయి. సముద్రం బీచి రోడ్డు దాటి, వీధి దాటి, మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కి వస్తుంటే ఆమెకి భయం వెయ్యలేదు. సామాన్లు పైకి తియ్యండని అందరినీ నవ్వుతూ పిలిచింది. చేపలమ్మే ఆవిడని పిలిచి చేతికున్న బంగారు గాజు తొడిగింది. పసిపిల్లకి ఈత నేర్పుతానని బావి దగ్గరికి ఎత్తుకెళ్ళింది. అక్కడ పట్టుకున్నారు. ఆ తరవాత జుట్టు నెరిసిన ఓ డాక్టరమ్మ మాత్రలు రాసింది. సముద్రం మెట్టు మెట్టు దిగి వెనక్కి వెళ్ళిపోయింది. పిల్ల దక్కింది, తనూ దక్కింది. ఆ మాత్రలంటే శకుంతలకి ఇప్పటికీ కృతజ్ఞతే. ఆ వెలుగు మీద కాస్త బెంగ కూడా ఉంది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఇది కూడా ఓ ఉప్పేనమ్మా" అంది డాక్టరమ్మ. "మూడు నెలలకోసారి రక్తంలో ఎంతుందో చూపించుకో. తగ్గితే పని చెయ్యదు, పెరిగితే విషం. ఎండలో తిరగకు, కూరలో ఉప్పు మానకు, ఇది ఒంట్లోనే పేరుకుపోతుంది."

"ఆ మాత్రల మాట గుమ్మం దాటిందంటే రేపు పిల్లకి పెళ్ళవదు" అంది అత్తగారు. పిల్లకి అప్పటికి నెల వయసు.

"ఇక్కడి ఆసుపత్రికి వెళ్తే రికార్డులోకి ఎక్కుతుంది, కంపెనీకి తెలుస్తుంది, వీసా మాటేమిటి?" అన్నాడు సుధాకరరావు, దోహాలో దిగిన వారంలోనే. "బాగానే ఉన్నావుగా!" అప్పటినుంచీ విశాఖ నుంచి ఎవరొస్తే వాళ్ళ చేత కందిపొడి పొట్లాల్లో మాత్రలొస్తున్నాయి. పరీక్ష మాత్రం ఒక్కసారీ జరగలేదు. ఆయన ఆఫీసులో, విందుల్లో రోజుకి పదిసార్లు లిథియం అంటాడు. ఆ అట్ట మీదా అదే పేరు. దాన్ని మాత్రం 'నీ మాత్ర' అంటాడు.

బయట హారన్ మోగింది. కంపెనీ డ్రైవర్ ఏసోబు పైకొచ్చాడు, సీసాల పెట్టెలు ఎయిర్‌పోర్టు కార్గోకి చేర్చడానికి. గోదావరి జిల్లా మనిషి. పెట్టెలోకి తొంగి చూసి అడిగాడు.

"ఇయ్యి మొన్న పట్టుకెళ్ళిన గుంటలయే కదండీ సార్? మళ్ళీ అయ్యే ఎందుకండీ?"

"ఎండాకాలం కదా ఏసోబూ!" అన్నాడు సుధాకరరావు హుషారుగా. తన పని గురించి ఎవరడిగినా ఆయనకి సంబరమే. "ఈ ఎండకి నీరంతా ఆవిరైపోతుంది. లోపలున్న లిథియం చిక్కబడిపోతుంది. చలికాలం లెక్క పట్టుకుని కూర్చుంటే మునిగిపోతాం. మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి."

శకుంతల చేతిలో సీసా అలాగే ఉంది.

వంటింటి గోడలు పలచబడ్డట్టయింది. ఒకే ఒక్కసారి ఆయన సబ్ఖాకి తీసుకెళ్ళాడు. కనుచూపు మేర తెల్లటి నేల, ఆ చివర నీళ్ళలా మెరుస్తున్న ఎండ. ఒకప్పుడు ఇక్కడంతా సముద్రమే, వెళ్ళిపోతూ ఉప్పు వదిలి వెళ్ళిందని చెప్పాడు. అప్పుడామె ఒంగి ఆ నేల మీద అరచెయ్యి ఆనించింది. పైన పెళుసుగా, కింద చెమ్మగా, వెచ్చగా ఉంది. అది ఇప్పుడు తన ఒళ్ళే అనిపించింది. ఎండ, దాహం, చప్పిడి కూర, రోజూ మాత్ర. లోపల చిక్కబడుతోంది. ఎంతో ఎవరికీ తెలియదు. ఎడారిలో ఒక్కో గుంటనీ రెండేసిసార్లు విమానమెక్కించి పరీక్ష చేయించే మనిషి, పక్కన పడుకున్న మనిషిని ఒక్కసారి చూపించలేదు. కోపం వచ్చింది. ఇది పాత జబ్బు తాలూకు పొంగు కాదు. నిలకడగా, కాళ్ళ కింద నేల తెలుస్తూ వచ్చిన కోపం.

సీసా బల్ల మీద పెట్టింది. ఓ గ్లాసు మంచినీళ్ళు తాగింది. మాత్రల అట్ట హ్యాండ్‌బ్యాగులో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"మిగిలిన చీటీలు మీరు రాసుకోండి. ఏసోబూ, కారు ముందు పెద్దాసుపత్రికి పోనీ."

"అలాగేనమ్మగారండీ" అని ఏసోబు పెట్టెతో మెట్లు దిగాడు.

"ఆసుపత్రేమిటి? కార్గో టైమవుతోంది!" అన్నాడు సుధాకరరావు.

"మూతలు బిగించే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. నా చెయ్యి వణుకుతోందని ఇందాక మీరేగా అన్నారు. ఎందుకు వణుకుతోందో కనుక్కుంటాను. మాత్ర మాననులెండి, నాకా సంగతి తెలుసు. నా రక్తంలో ఎంతుందో నాకు తెలియాలి."

ఆయన గొంతు తగ్గించాడు. మెట్ల మీద ఎవరైనా వింటారేమోనని తలుపు కూడా దగ్గరికి వేయబోయాడు. "నీకర్థం కావడం లేదు. రిపోర్టులో లిథియం అని రాస్తారు. అది కంపెనీకి వెళ్తే, వాళ్ళడిగితే, నేనేం చెప్పను?"

శకుంతల ఆ తలుపుని వణుకుతున్న చేత్తోనే బార్లా తీసింది.

"రెండేళ్ళుగా వెతుకుతున్నది దొరికిందని చెప్పండి" అంది. "మీ ఇంట్లోనే ఉందని చెప్పండి."