పది దాటినా ఎరుపే

ధర్మవరం పట్టుచీరల వీధిలో ట్యూబ్‌లైటు కింద చూసి చీర కొనేవాళ్లు లేరు. ఎంత నచ్చినా సరే, వీధిలోకి తెచ్చి, ఇద్దరు చెరో అంచు పట్టుకుని, ఎండకు చూసిన తర్వాతే బేరం. అందుకే పొద్దునపూట ఆ వీధిలో నడవాలంటే విప్పిన చీరల కింద తల వంచుకుని పోవాల్సిందే.

వీధి చివర దౌలత్‌బీ ఇల్లు. పట్టునూలుకు రంగులద్దడం ఆమె పని. భర్త లాల్‌సాబ్ పోయాక ఆయన రాగి గంగాళం దగ్గర ఆమే కూర్చుంది. ఎరుపు అద్దడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఎప్పుడో క్షయ వచ్చి మానిన ఆమె ఊపిరితిత్తుల్లో రెండువేల ఏడులో బూజు పట్టింది. హిందూపురం డాక్టరు దాన్ని చంపే మాత్రలు రాసిచ్చాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఖాళీ కడుపుతో. మాత్ర వేసుకున్నాక కళ్లు మసకబారతాయనీ, వెలుతురు గుచ్చుకుంటుందనీ, రంగులు మారి కనిపిస్తాయనీ, కాసేపటికి అన్నీ సర్దుకుంటాయనీ, అంతదాకా మరిగే గంగాళం దగ్గరికి పోవద్దనీ చెప్పాడు. మందు మాత్రం సొంతంగా ఆపొద్దన్నాడు. ఆపితే రక్తం పడుతుందని, ప్రాణానికే ముప్పని దాచకుండా చెప్పాడు.

ఆయన చెప్పినట్టే అయింది. పది గంటలకు దగ్గరపడుతుండగా మాత్ర వేసుకుని దౌలత్‌బీ అరుగు మీద కూర్చునేది. పదికల్లా ఆమె కళ్లలో రంగులు మారేవి. ఆమె చూపు ఆనిన మేర వీధిలోనూ మారేవి. పూలమ్మే సిద్ధమ్మ గంపలోని కనకాంబరాలు బూడిదరంగుకు తిరిగేవి. రంగయ్య అంగట్లో ఎర్రచీరలు మట్టిరంగుకు వచ్చేవి. దానికెవరూ వింతపడలేదు, కరెంటు కోతకు అలవాటు పడ్డట్టే పడ్డారు. సిద్ధమ్మ గంప మీద తడిగుడ్డ కప్పేది. రంగయ్య గిరాకీలకు కాఫీ తెప్పించేవాడు. రాత్రి మాత్ర వేళకు వీధి ఎటూ నిద్రలో ఉండేది.

శ్రావణమాసం వచ్చింది. కనగానపల్లి పెళ్లివాళ్లు ఒకరోజు రంగయ్య అంగడి ముందు ఎర్రచీరను ఎండకు పట్టి మురిసిపోతుండగా పదైంది. చీర వాళ్ల చేతుల్లోనే మట్టిరంగుకు తిరిగింది. కాసేపు ఆగమని రంగయ్య చెప్పినా, పెళ్లికూతురి మేనత్త అది అపశకునమని అందర్నీ లేవదీసుకుని పోయింది. రంగయ్య చీర మడతపెట్టుకుని లోపలికి పోయాడు. అరుగు మీద నుంచి దౌలత్‌బీ అంతా చూసింది. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. ఆ చీర నూలుకు రంగు అద్దింది కూడా తనే.

మరుసటి రోజు నుంచి ఆమె మాత్రలు మానేసింది. దగ్గు తగ్గింది కదా, పెళ్లిళ్ల కాలం పోయాక వేసుకోవచ్చులే అనుకుంది. మాత్రలు ఖాళీ రంగుడబ్బాలో వేసేది. హిందూపురం నుంచి కూతురు అంజుమ్ ఫోన్ చేస్తే వేసుకుంటున్నానని చెప్పేది.

పది గంటలకు వీధిలో ఏమీ జరగలేదు. సిద్ధమ్మ తడిగుడ్డ ఎత్తి చూస్తే కనకాంబరాలు నిగనిగలాడుతున్నాయి. ఈరోజు మాత్ర ఆలస్యమైందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత గుడ్డ కప్పడమే మానేసింది. ఎవరి బేరం వాళ్లకు బాగా సాగుతుండేసరికి ఎవరూ పోయి అడగలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆ వీధికి ఇప్పటికీ సిగ్గే.

శ్రావణం సగమయ్యాక పెనుకొండ నుంచి పూర్ణిమ అనే పెళ్లికూతురు తల్లితో వచ్చింది. ఒక అంచు ఆ అమ్మాయి, ఒక అంచు రంగయ్య పట్టుకుని ఎర్రచీరను ఎండకు చూస్తున్నారు. ఎరుపు బ్రహ్మాండంగా ఉంది. రంగయ్య మురుస్తూనే అంగట్లో గడియారం వైపు చూశాడు. పది దాటి చాలాసేపైంది. అప్పుడు తట్టింది ఆయనకు. చీర ఆ అమ్మాయి చేతుల్లో పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరికి నడిచాడు. ఆయన వాలకం చూసి సిద్ధమ్మ గంప వదిలి వెంట పోయింది.

దౌలత్‌బీ అరుగు మీద గోడకానుకుని కూర్చునుంది. పక్కన తువ్వాలు. దాని మీద ఉతికినా పోని ఎర్రటి మరక.

"మాత్ర ఏసుకోవడం లేదు కదక్కా," అన్నాడు రంగయ్య.

"నీకెవరు చెప్పిరన్నా?"

"పది దాటినా నా అంగట్లో ఎరుపు ఎరుపుగానే ఉండాది."

దౌలత్‌బీ తల వంచుకుంది. "నా మాత్రతో మీ బేరాలన్నీ చెడిపోతాండాయి. ఈ పెండ్లిండ్లు అయిపోనీలే అనుకుంటి."

"ఇన్నాళ్లూ ఎరుపు చూసుకుని సంతోషపడితిమి గాని, నువ్వెట్లుండావని అడగకపోతిమి," అన్నాడు రంగయ్య.

దౌలత్‌బీ చూపించిన రంగుడబ్బాలోంచి సిద్ధమ్మ మాత్ర తీసి, చెంబుతో నీళ్లిచ్చింది. దౌలత్‌బీ మింగింది. రంగయ్య గడప మీదే కూర్చున్నాడు. సిద్ధమ్మ తన కొప్పులోని పూలు తీసి అరచేతిలో పెట్టుకుని వాటినే చూస్తూ ఉంది. చాలాసేపటికి కనకాంబరాలు బూడిదరంగుకు తిరిగాయి. తువ్వాలు మీది మరక కూడా తిరిగింది. సిద్ధమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, ఆ కొంగునే దౌలత్‌బీ కళ్లకు ఎండ తగలకుండా అడ్డం పట్టింది. రంగయ్య హిందూపురానికి కారు మాట్లాడడానికి లేచాడు.

అంగట్లో పూర్ణిమ మట్టిరంగు చీరను ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. వేరే అంగడి చూసుకోమ్మా అని రంగయ్య అంటే, ఆయమ్మ మాత్ర ఏసుకునిందంటనే, రంగొచ్చేదాకా ఈడనే ఉంటామని చెప్పింది.

ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని హిందూపురం డాక్టరు సిద్ధమ్మతో అన్నాడు. దౌలత్‌బీ బతికింది.

మరుసటి ఏడాది ఒకరోజు పది దాటినా కనకాంబరాలు మారలేదు. బేరాలు ఎక్కడివక్కడ వదిలి, ఎండకు పట్టిన చీరలతో సహా వీధి వీధంతా ఆమె ఇంటికి పరుగెత్తింది. దౌలత్‌బీ గంగాళంలో ఎరుపు కలుపుతోంది. జబ్బు నయమైంది, డాక్టరే ఆపమన్నాడని ఆమె ఎంత చెప్పినా, అంజుమ్‌కు ఫోన్ చేసి కనుక్కునేదాకా ఒక్కరూ గడప దిగలేదు.